మా బావ తెచ్చిన కరెంటు డబ్బా

నా పాత కంప్యూటర్ క్యాబినెట్ పక్క రేకు ఊడదీసిన రోజు నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. లోపల ఒక బల్లి మదర్‌బోర్డు మీద వెల్లకిలా పడి, ఎండి, తోలుముక్కలా అతుక్కుపోయి ఉంది. పెన్సిలుతో నెట్టితే తల ఊడి వచ్చింది గానీ ఒళ్ళు రాలేదు. దాని కింద బొద్దింక గుడ్లు, మూలల్లో ఎలుక పెంటికలు, వైర్ల మీద వంటింటి పొగ పేరుకున్న జిగట. వీటన్నిటి మీదా సన్నటి ఎర్రటి దుమ్ము. అది మిరప పొట్టు. ఆలోచించకుండా ఊదాను. అదంతా తిరిగి నా ముఖానికే కొట్టింది. కళ్ళు మండి, ముక్కు కారి, పెరట్లో తొట్టి దగ్గరికి పరుగెత్తి తల ముంచాను. వంటింట్లోంచి మా అమ్మ అడిగింది.

"పెట్టెల పాము దూరిందా ఏందిరా, గట్ల ఉరుకుతున్నవ్?"

పాము దూరినా అంత రోత పుట్టేది కాదు.

ఇది రెండు వేల ఎనిమిది ప్రాంతం మాట. మాది పినపాక మండలంలో, అడవి అంచున, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. మిరప, పత్తి మా పంటలు. డిగ్రీ అయ్యాక నేను మణుగూరులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో టైపింగు నేర్పే ఉద్యోగంలో చేరి, రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఇంట్లో నాకొక గది ఉండేది. ఆ ఏడు ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు దొరకలేదు. ధర లేచేదాకా ఆగుదామని మా నాయిన బస్తాలన్నీ తెచ్చి నా గదిలో పేర్చాడు. నన్నొక మాట అడగలేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా మంచం గోడకి అంటుకుని ఉంది, కంప్యూటర్ బల్ల బస్తాల సందులో ఇరుక్కుని ఉంది. ఇదేందని అడిగితే "నీ గదికే గచ్చు మంచిగున్నది" అన్నాడు. పొగడ్త అనుకోవాలి కాబోలు.

ఆ ఘాటులో పడుకుని, ఆ ఘాటులో లేచి, నేను కోరుకున్నది ఒక్కటే. ఒక మంచి కంప్యూటర్. ఆటలు ఆడటానికి. చదువుకోసమనీ, ఉద్యోగం కోసమనీ ఇంట్లో అబద్ధం కూడా చెప్పలేదు. ఆ మధ్యే ఒక షూటింగు ఆట వచ్చింది. అది మొత్తం ఒక అడవిలో జరుగుతుంది. ఆకు ఆకుకీ నీడ ఉంటుంది, మనిషి పక్కనుంచి పోతే కొమ్మ వంగి లేస్తుంది. మణుగూరులో నెట్ సెంటర్ నడిపే నా స్నేహితుడు ఒక పెద్ద మెషీను కట్టించుకుని, దాని మీద ఆ ఆట ఆడి చూపించాడు. అప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఇంటెనుక అంత అడివి పెట్టుకొని పెట్టెల అడివి చూస్తవా? పో, పొయ్యి రెండు కట్టెలన్న ఏరుకరా."

మా ఇంటెనక అడవి గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిడుదులు, చెట్ల జిగురు, కాళ్ళకి గుచ్చుకునే పల్లేరు, వేసవి వస్తే తునికాకు కోసం నేల తగలబెట్టిన పొగ. ఆ అడవిని చూడలేకే ఈ అడవి కావాలన్నాను. ఆ మాట అంటే కట్టెలతోపాటు తిట్లు కూడా మోయాల్సి వస్తుందని ఊరుకున్నాను.

కొన్ని నెలలపాటు నా స్నేహితుడి నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక్కొక్క భాగం గురించీ చదివాను. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో కంప్యూటర్లు కట్టుకుని, ఏది ఏ బోర్డుకి సరిపోతుందో, ఏది వేడెక్కుతుందో రాసేవారు. ప్రాసెసరు ఎంచుకోవడం తేలిక. ర్యాము తేలిక. గ్రాఫిక్స్ కార్డు దగ్గర చాలా రోజులు ఊగిసలాడి, చివరికి నా జీతంలో దాచుకున్నదంతా దానికే పోయినా సరే అనుకుని, రెండు ఫ్యాన్లున్న పెద్ద కార్డు ఖాయం చేసుకున్నాను. కానీ అన్నిటికంటే ఎక్కువ చదివింది ఎస్ఎంపీఎస్ గురించి. గోడ నుంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనప డబ్బా అది. మా ఇంట్లో దాన్ని కరెంటు డబ్బా అనేవాళ్ళు. మామూలుగా క్యాబినెట్‌తోపాటు ఒక చవక డబ్బా ఊరికే వస్తుంది. అది టైపింగుకి సరిపోతుంది. పెద్ద కార్డు పెట్టి ఆట మొదలెడితే మాత్రం కార్డు అడిగినంత కరెంటు ఇవ్వలేక చేతులెత్తేస్తుంది. అందుకని నా స్నేహితుడు వాడుతున్న కంపెనీదే, అదే మోడలు కావాలని తేల్చుకున్నాను. అంత జాగ్రత్తగా నేను నా డిగ్రీ కూడా ఎంచుకోలేదు.

డిగ్రీ నేను ఎంచుకున్నదీ కాదు. అది మా బావ చెప్పిన గ్రూపు. అంతకుముందు నేను గేర్ల సైకిలు అడిగితే ముందు బుట్ట ఉన్న ఆడపిల్లల సైకిలు వచ్చింది, అదీ మా బావ బేరం చేసిందే. కళ్ళజోడుకి నేను నల్ల ఫ్రేము చూపిస్తే ఆయన షాపు పక్క షాపువాడి దగ్గర మిగిలిపోయిన బంగారు రంగు ఫ్రేము వచ్చింది. దాంతో కాలేజీలో నన్ను మూడేళ్ళూ పంతులు అని పిలిచారు. ఇవి చిన్న విషయాలని అందరూ అంటారు. అన్నవాళ్ళెవరూ ఆ కళ్ళజోడు పెట్టుకోలేదు.

మా బావ అంటే మా అక్క భర్త. ఖమ్మంలో ఆయనకి షాపు ఉంది. మొదట టేపు రికార్డర్లు, తర్వాత సెల్‌ఫోన్లు, తర్వాత కంప్యూటర్లు అమ్మాడు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ యంత్రం వచ్చినా ఇంటి అల్లుడి చేతి మీదుగా రావాలి, అల్లుడి చేతితోనే మొదటిసారి నడవాలి. మా తాత రోజుల్లో ఆయిలింజను మా మేనత్త భర్త తిప్పాడట, అది ఇరవై ఏళ్ళు ఆగలేదట. అప్పటినుంచి బోరు మోటారైనా, మందు కొట్టే పంపైనా అల్లుడు స్విచ్చి వేయాల్సిందే. ఇక అల్లుడికే షాపు ఉన్నప్పుడు వేరేచోట కొనడం అంటే ఆయన్ని నలుగురిలో కొట్టినట్టే. అందుకని నా కంప్యూటర్ మా బావ దగ్గరే కొనాలని, నేను నోరు తెరవకముందే ఖాయమైపోయింది.

నేను కొన్నాళ్ళు మొండికేశాను. మా నాయిన అన్నం కంచం ముందు ఒక మాట అన్నాడు. "మీ అక్కకి ఆడ మొకం చెల్లాలె గదరా."

ఊళ్ళో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి మా బావకి అన్నీ చెప్పాను. కంపెనీ పేరు, మోడలు, ఒక్కొక్కటి రెండేసి సార్లు.

"రాసుకుంటున్నవా బావా?"

"రాసుకునుడేంది బామ్మర్దీ, నాకు చెప్తున్నవా? రోజూ గవేనాయె నా పని."

"కరెంటు డబ్బా మాత్రం క్యాబినెట్‌తోని వచ్చేది వద్దు. నేను చెప్పిందే కావాలె."

"అవ్, అవ్. సమజైంది. నువ్వు పొయ్యి నెమ్మదిగ పండు."

డబ్బు మా అక్క చేతికి ముందే ఇచ్చాను. ఆ సంగతి ఇంక ఎత్తను.

ఒక ఆదివారం ఆయనా మా అక్కా కారులో వచ్చారు. మా అమ్మ అల్లుడొచ్చాడని నాటుకోడి కోసింది. ఆయన వెనక సీట్లోంచి అట్టపెట్టెలు దించి వరండాలో పెట్టాడు. నేను ముట్టుకోబోతే మా అమ్మ "ఆగరా, అల్లుడు తిని లేస్తడు, ఆయన చెయ్యితోనే కానియ్యి" అంది. నేను గడప మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఆయన తిన్నాడు. ఎముక ఎముకా చీకుతూ తీరిగ్గా తిన్నాడు. "ఇంకొంచెం ఏసుకోండ్రి అల్లుడు" అని మా అమ్మ, "చాలత్తా" అని ఆయన, మళ్ళీ వేసుకోవడం. చివరికి చేతులు కడిగీ కడగనట్టు ఒక చెంబు నీళ్ళు పోసుకుని, పంచె అంచుకి తుడుచుకుని, నా గదిలోకి వచ్చి ర్యాము ముక్కని పట్టుకున్నాడు.

ర్యాముకి కింద బంగారు రంగు పళ్ళలాంటివి ఉంటాయి. వాటికి చెమట కూడా తగలకూడదని నేను నెలల తరబడి చదివాను. మా బావ బొటనవేలి పసుపు వాటి మీద అచ్చు పడింది. మసాలా వాసన నా ముక్కుకి తగిలింది. "బావా, చెయ్యి" అన్నాను. ఆయన ర్యాముని నోటి దగ్గరికి తెచ్చి ఉఫ్ అని ఊదాడు. తుంపర పడింది. దాన్ని చొక్కాకి రుద్ది బోర్డులో గుచ్చాడు. మా అమ్మ వెనకనుంచి మురిపెంగా చూస్తోంది.

గ్రాఫిక్స్ కార్డు నేను చెప్పిందే. అది పెట్టెలోంచి తీసినప్పుడు ఒక్క క్షణం ఆ మనిషిని క్షమించాలనిపించింది. ఆ తర్వాత క్యాబినెట్ వెనక్కి తిప్పాను. పైన బూడిద రంగు చవక డబ్బా బిగించి ఉంది. దాని మీద ఆయన షాపు పేరుతో ఎర్రటి వారంటీ స్టిక్కరు.

"బావా, ఇది క్యాబినెట్‌తోని వచ్చిన డబ్బానే గదా?"

"దానికేమైంది?"

"నేను చెప్పింది ఇది కాదు."

"నువ్వు చెప్పిన దాని మీద ఏం రాసుంటది? నాలుగువందల యాభై వాట్లు. దీని మీద ఏం రాసుంది? సదువు."

నాలుగువందల యాభై అనే రాసి ఉంది.

"రాయడానికేంది బావా, ఎంతైనా రాసుకోవచ్చు. లోపల ఉండాలె గదా."

"అత్తమ్మా, చూసినవా? నీ కొడుకు నన్ను దొంగని చేస్తున్నడు." నవ్వుతూనే అన్నాడు. మా అక్క నవ్వలేదు. మా అమ్మ నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి.

కార్డుకి కరెంటు అందించే ప్రత్యేకమైన తీగ ఆ డబ్బాకి అసలు లేనే లేదు. హార్డ్ డిస్కుకి పోవాల్సిన తీగలు రెండు కలిపి, మధ్యలో ఒక అతుకు పెట్టి కార్డుకి తగిలించాడు. కొబ్బరికాయ కొట్టించారు. ఆయన వేలితోనే స్విచ్చి వేయించారు. తెర వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాలని చూశారు. కొట్టలేదు.

వాళ్ళ కారు ఊరు దాటిన తర్వాత ఆట పెట్టాను. సముద్రం, ఒడ్డు, తాటిచెట్లు. ఆకుల మధ్యనుంచి ఎండ కింద పడుతోంది. రెండడుగులు వేశానో లేదో, టప్‌మని అంతా ఆరిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే ఒడ్డు, అదే ఎండ, మళ్ళీ చీకటి. మామూలుగా టైపు చేసుకుంటే ఎంతసేపైనా నడుస్తుంది. ఆటలో అడవి కనపడగానే చచ్చిపోతుంది.

దానికితోడు ఇంకొకటి. ఆ కార్డు మీద రెండు ఫ్యాన్లు, క్యాబినెట్‌కి ముందొకటి, వెనకొకటి. నాలుగూ కలిసి తిరిగితే గదిలోని మిరప దుమ్మంతా ముందునుంచి పీల్చి వెనకనుంచి కొట్టేవి. ఆ గాలి నేరుగా వంటింటి గుమ్మం వైపు పోయేది. పొయ్యి దగ్గర మా అమ్మ తుమ్మడం మొదలుపెట్టేది. తర్వాత మంచం మీద మా నాయిన. తర్వాత గేదె. నేను ముక్కుకి తువ్వాలు కట్టుకుని, కారుతున్న కళ్ళతో, ఆరిపోయే తెర ముందు కూర్చునేవాణ్ణి. చీమిడీ చెమటా కలిసి కీబోర్డు మీద పడేవి. ఇంతకంటే నీచంగా ఎవరైనా ఆటలాడి ఉంటారని నేను అనుకోను.

మా బావకి ఫోన్ చేశాను. ముందు కరెంటు అన్నాడు.

"మీ అడివి కరెంటు మంచిది కాదు బామ్మర్దీ. స్టెబిలైజర్ పెట్టు."

పెట్టాను. ఆరిపోయింది. మళ్ళీ ఫోన్ చేశాను.

"బల్లేమన్న పడ్డదేమో సూడు. మీ ఇంట్ల బల్లులు ఎక్కువనాయె."

చూశాను. బల్లి లేదు. మూడోసారి చేస్తే ఆయన గొంతు మారింది.

"మిరపకాయల నడుమ పెట్టుకొని నన్నంటే ఏం లాభం? ఆ ఘాటుకి మనిషే ఆగడు, మిషిన్ ఆగుతదా? నీకు వాడుడు రాదుగానీ పేర్లు మాత్రం అన్నీ తెల్సు."

ఈ మాటలన్నీ మా ఇంట్లో అందరికీ చేరాయి. మా అక్క చెప్పింది మా అమ్మకి, మా అమ్మ చెప్పింది పక్కింటికి. బస్సులో కండక్టరు కూడా "ఏం సారూ, మిర్చి కంప్యూటర్ నడుస్తుందా?" అని అడిగాడు. అందరి లెక్కలో తేలింది ఏమిటంటే, అల్లుడు మంచి మెషీను తెచ్చాడు, కొడుకే పాడు చేసుకున్నాడు. నాకు ఇప్పుడు ఆట మీద కంటే ఒక్క మాట మీదే పట్టుదల. డబ్బా తప్పు, నాది కాదు అని ఈ ఇంట్లో ఒక్కరు, ఒక్కసారి అనాలి.

నా స్నేహితుడిని బతిమాలి వాడి డబ్బా ఊడదీయించి, ఒక సెలవు రోజు సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. మా బావ డబ్బా తీసి దాన్ని పెట్టాను. ఆట మొదలైంది. ఒడ్డు దాటాను. అడవిలోకి పోయాను. అదే గదిలో, అదే మిరప ఘాటులో, అదే కరెంటుతో ఆకు ఆకుకీ నీడ కదులుతూ ఉంటే నేను ఆడటం మానేసి ఊరికే నిలబడి చూశాను. మా అమ్మని పిలిచాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది.

"అవ్, మంచిగున్నది. ఇప్పుడు నడుస్తుంది గదా, మరి ఊకె బావ మీద ఏడ్చినవేంది?"

డబ్బా మార్చానని చెప్పాను. "గదంతా నాకేం తెలుస్తది కొడుకా" అని తుమ్ముకుంటూ వెళ్ళిపోయింది.

వాకిట్లో మా నాయిన మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తాలు ఏరుతున్నాడు. ఎరుపు పోయి, తెల్లబారి, చేత్తో పట్టుకుంటే బరువు తెలియని కాయని తాలు అంటాం. కొందరు బస్తాలో అడుగున తాలు నింపి పైన మంచి కాయ పరుస్తారు. యార్డులో వ్యాపారులు అందుకే బస్తా మధ్యలోకి చెయ్యి పెట్టి తీసి చూస్తారు. మా నాయిన జీవితంలో ఎప్పుడూ అలా నింపలేదు. అయినా ఆయన బస్తాలోనూ అడుగుదాకా చెయ్యి పెట్టారనీ, ఆ రోజు నుంచి ఆ కమీషనుదారు మొహం చూడలేదనీ మాకు చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియనివాళ్ళు ఆయన్ని చూడలేదు.

స్నేహితుడి డబ్బా కూడా ఊడదీసి రెండిటినీ వాకిట్లోకి తీసుకెళ్ళాను. చింతపండు తూచే పాత తక్కెడ దించి వరండా దూలానికి కట్టాను. ఒక సిబ్బెలో నా స్నేహితుడి డబ్బా, ఇంకో సిబ్బెలో మా బావ డబ్బా పెట్టాను. స్నేహితుడిది దబ్బున నేలకి ఆనింది. మా బావది ఎగిరి పైన ఊగింది.

మా నాయిన చేతిలోని కాయ పక్కన పెట్టాడు.

"రెండిటి మీద ఒక్కటే రాసుందా?"

"ఒక్కటే నాయినా. సదువుకో."

ఆయన చదవలేదు. మా బావ డబ్బాని తీసుకుని అరచేతిలో పైకీ కిందకీ ఆడించాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత దాన్ని మెల్లిగా కింద పెట్టాడు, ఎక్కడ పెట్టాడో తెలుసా? ఏరి పక్కకి వేసిన తాలు కుప్ప మీద.

"నాయినా, ఇప్పుడన్నా చెప్పు. ఎవరిది తప్పు?"

ఆయన మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టాడు. "ఎల్లుండి లారీ వస్తుంది. కాయ ఖమ్మం తోల్తున్న. గీ డబ్బా గుడ బస్తాల ఏసి కట్టు" అన్నాడు.

నా స్నేహితుడి డబ్బా వాడికి తిరిగి ఇచ్చేశాను. ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు, సంతోషంతో. యార్డులో వ్యాపారులు బస్తా మధ్యలోంచి తాలు తీసి చూపించినట్టే మా నాయిన మా బావ షాపులో నలుగురి ముందు ఆ డబ్బాని బల్ల మీద పెడతాడు. ఇదేంది అల్లుడు అంటాడు. మా బావ మొహం ఎలా ఉంటుందో రకరకాలుగా ఊహించుకున్నాను. లారీ వెళ్ళిన మర్నాడు బస్టాండులో నిలబడి ఎదురు చూశాను. మా నాయిన దిగాడు. భుజం మీద సంచి. సంచి బరువుకి ఆయన ఒక పక్కకి వంగి నడుస్తున్నాడు.

ఇంటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, సంచి విప్పాడు. అందులో రెండు డబ్బాలున్నాయి. ఒకటి మా బావది. ఇంకోటి కొత్తది, నేను చెప్పిన కంపెనీది, నేను చెప్పిన మోడలే. నాకు కళ్ళు మండాయి. ఈసారి మిరపకాయల వల్ల కాదు.

"బావ ఏమన్నడు?"

"బావని అడగలేదు."

షాపుకి వెళ్ళాడట. అల్లుడు లేచి నిలబడి కుర్చీ వేశాడట. టీ తెప్పించాడట, హోటలుకి తీసుకెళ్ళి భోజనం పెట్టించాడట. మా అక్క ఇంటినుంచి ఫోన్‌లో మాట్లాడిందట, నాయిన వచ్చాడని గొంతులో ఎంత సంతోషమో. సంచి ఆయన కాళ్ళ మధ్యే ఉందట. నోరు రాలేదట. బయటికి వచ్చి రెండు వీధులు అవతల వేరే షాపులో, నేను చెప్పగా చెప్పగా నోటికొచ్చిన పేరు చెప్పి ఇది కొన్నాడట.

"కమీషన్‌దారుతోని జీవితాంతం మాట్లాడలే. అల్లుడితోని ఒక్క మాట అనలేకపోయినవ్" అన్నాను.

"కమీషన్‌దారుకి నా బిడ్డని ఇయ్యలేదు" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే నేను ఆ మనిషి కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణేమో. ఆగలేదు. మా బావ డబ్బా మీది ఎర్ర స్టిక్కరు వేలితో చూపించాడు.

"గది మంచిగ పీకి దీనికి అతికియ్యి. దసరకి వస్తడు. చూస్తే బాధపడ్తడు."

నేను చేయనన్నాను. తిండి మానేశాను. మా నాయిన తిట్టలేదు. రోజూ పొద్దున నా గదిలోకి వచ్చి, కొత్త డబ్బా వైపు చూసి, పోయేవాడు. ఖమ్మంలో కొత్త పంచె కొనుక్కుంటానని తీసుకెళ్ళిన డబ్బు ఆయన ఏం చేశాడోనని మా అమ్మ గొణగడం ఒక రోజు విన్నాను. స్టిక్కరుని వేడినీళ్ళ ఆవిరికి పట్టి, గోటితో మెల్లగా లేపి, అన్నం మెతుకులు నలిపి కొత్త డబ్బాకి అతికించాను. నేను ఎంచుకున్న వస్తువు మీద, నా చేతులతో, మా బావ పేరు. వేళ్ళకి అంటుకున్న ఆ జిగురు కడిగినా చాలాసేపు పోలేదు. ర్యాము మీద ఆయన వేలి పసుపు చూసినప్పుడు కూడా నాకు అంత అసహ్యం వేయలేదు.

పాత డబ్బాని మా అమ్మ చూసి ఏమిటని అడిగితే, మా నాయిన "పాత సామాను" అన్నాడు. ఆమె దాన్ని పెరట్లోకి తీసుకుపోయి, కోడిపిల్లల మీద బోర్లించిన గంప పైన బరువుగా పెట్టింది.

దసరాకి వాళ్ళొచ్చారు. మిర్చి పోయి గది ఖాళీ అయింది, దుమ్ము మాత్రం గోడల్లోనే ఉంది. మా బావ వచ్చీ రాగానే నా గదిలోకి నడిచి ఆట పెట్టమన్నాడు. పెట్టాను. అడవి కదిలింది. ఆయన క్యాబినెట్ వెనక్కి వంగి ఎర్ర స్టిక్కరు మీద వేలితో టకటకా కొట్టాడు.

"ఏమన్నవ్ బామ్మర్దీ? డబ్బా తప్పు అన్నవ్ గదా! ఇదేనా నువ్వు తిట్టిన డబ్బా? మిరపకాయలు పోయినయ్, మిషిన్ మంచిగైంది. నేను ముందే చెప్పిన."

"అల్లుడి చెయ్యి గట్లాంటిది" అంది మా అమ్మ.

నేను మా నాయిన వైపు చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి ఆ రోజు తక్కెడ కట్టిన దూలం వైపు చూస్తున్నాడు.

అప్పుడే పెరట్లో గంప దొర్లిన చప్పుడు, కోడి అరుపు. మా అమ్మ పరుగెత్తింది. పిల్లి గంపని తోసేసి ఒక కోడిపిల్లని పట్టుకుపోయింది. ఆమె బూడిద రంగు డబ్బాని చేతిలో పట్టుకుని తిడుతూ వచ్చింది.

"ఏం డబ్బరా ఇది! పిల్లి తోస్తే పడిపోయింది. రాయి పెట్టినా ఆగునే. ఇంత అల్కగ ఉంటదా ఇనుము?"

మా బావ దాన్ని అందుకుని ఎగరేసి పట్టుకున్నాడు. పక్కకి తిప్పి చూశాడు. స్టిక్కరు లేని చోట తెల్లటి మచ్చ మాత్రం ఉంది.

"ఎక్కడిది బామ్మర్దీ ఇది? లోపలేం లేదు, ఉత్త డొల్ల. ఎవడో నీకు మంచిగ టోపీ పెట్టిండు. గిసొంటివి అమ్మేటోళ్ళని చెప్పుతోని కొట్టాలె."

"అవ్ అల్లుడు" అన్నాడు మా నాయిన, గుమ్మంలోంచి కదలకుండా. "గట్లనే కొట్టాలె."

నేను నోరు తెరిచాను. మా అక్క అప్పుడే పిండివంటల పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. మా నాయిన నా వైపు చూశాడు. మూసుకున్నాను.

ఆ కంప్యూటర్ ఏళ్ళ తరబడి బాగా నడిచింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్ని పండుగలు జరిగాయో, ఎన్నిసార్లు ఆ డబ్బా మాట వచ్చిందో, అన్నీ నాకు గుర్తున్నాయి. మా బావ ఆ డొల్ల డబ్బా కథని తన షాపుకి వచ్చినవాళ్ళకి చెబుతాడట. మా బామ్మర్ది ఒకడున్నాడు, పేర్లన్నీ చదివినోడే, వాడినే ఎవడో ముంచాడు, కాబట్టి తెలిసినవాళ్ళ దగ్గరే కొనండి అని. వాళ్ళందరి దృష్టిలో ఆ డబ్బా కొన్న తెలివితక్కువవాణ్ణి ఇప్పటికీ నేనే.